వట్టి మంచాల ఊరు

వేయిదియన్ రెల్లుమడుగు
షియన్‌ఫెంగ్ చక్రవర్తి తొమ్మిదో ఏడు, రెండో నెల, పద్దెనిమిదో రోజు

మీకు నమస్కారం చేసి రాస్తున్నాను.

మీరు దాగూ కోట పనికి వెళ్లి నలభై రోజులయింది. గెంగ్ బాబాయి గాడిదబండి రేపు పొద్దున్నే కోటకు బయలుదేరుతుంది. మీరు కబురు చేసిన ముప్పై ఆరు చాపలూ దాని మీద పంపుతున్నాం. ఇంటి సంగతులు రాస్తూ ఉండమన్నారు. మా నాన్న నాకు మూడేళ్లు చదువు చెప్పి, ఆడపిల్లకు ఇంత చాలని ఆపేశారు. తప్పులుంటే మీలోనే ఉంచుకోండి. పక్కవాళ్లకు చదివి వినిపించకండి.

చాపల సంగతి చెబుతాను. ఫిరంగుల కిటికీలకు కట్టడానికి అని తెలిసిన రోజు నుంచి ఊళ్లో ఆడవాళ్లెవరికీ వేరే ధ్యాస లేదు. ఛూ పెద్దమ్మ కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. "చక్రవర్తిగారి కోటకు పోయే చాపలే ఇవి. ఏ ముండైనా పుచ్చు రెల్లు వేసిందంటే వేళ్లు విరుస్తాను" అంది. తొలి మంచు పడ్డాక కోసిన తెల్ల రెల్లు మాత్రమే ఏరాం. మచ్చ ఉన్నది పొయ్యిలోకి పోయింది. చీల్చిన రెల్లు మీద రాతిగుండు ఒకసారి దొర్లిస్తే చాలు, నేను రెండుసార్లు దొర్లించమన్నాను. నేసిన తరువాత తడిగుడ్డతో రుద్దితే నిగ్గు ఇంకా పైకి వస్తుందని కూడా నేనే చెప్పాను. నేను చెప్పింది నలుగురు విని చేయడం నాకిదే మొదలు. ఇప్పుడు వాటి మీద చెయ్యి వేస్తే నీళ్ల మీద వేసినట్టుంది.

అందులో నాలుగు నావి. అంచు రెండు మడతలు పెట్టి నేశాను. అత్తయ్య చూసి, "వాడు నీ చాప గుర్తుపడతాడేమో చూద్దాం. పట్టకపోతే వచ్చాక వారం రోజులు గంజే పొయ్యి" అన్నారు.

పోయినేడు రెండు ఘడియల్లో కోట పోయి, ఇంగ్లీషువాళ్ల పొగ ఓడలు మన నదిలో పైకి వెళ్లిన సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తరు. కానీ చాపలు బండికెక్కుతుంటే అందరూ వచ్చి నిలబడ్డారు. అదే తలుచుకుంటున్నారని నాకనిపించింది.

ఉప్పు చేపలు చాపల మధ్యలో పెట్టాను. వాసన వస్తే అదే.

మీ ఇంటిది

*

దాగూ కోట
మూడో నెల, తొమ్మిదో రోజు

హ్వేలాన్‌కు,

రెండు మడతల అంచు చాప విప్పగానే గుర్తుపట్టాను. మా అమ్మతో చెప్పు, గంజి వేరేవాళ్లకు పోయమని.

నన్ను పదిమందికి పెద్దను చేశారు. మట్టి, సున్నం, గంజి కలిపి తొక్కి గోడలు లేపడం మా పని. అందులో త్యే అని లూతాయ్ ఊరివాడు ఒకడున్నాడు, నోరు మూయడు. "నీ పెళ్లాం తనకు బదులు చాపను పంపిందా" అని పొద్దున్నుంచి ప్రాణం తీస్తున్నాడు. నీ ఉత్తరం వాడికి చదివి వినిపించలేదు. చేప మాత్రం వాడే తిన్నాడు.

ఈ చాపల ఆలోచన నాదే అని నీకు చెప్పలేదు కదూ. పోయినేడు ఇంగ్లీషువాళ్లు సముద్రంలో నిలబడి, దుర్భిణీ పెట్టి, మన ఫిరంగులు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టుకున్నారు. తరువాత ఒక్కొక్కదాన్నే గురిచూసి కొట్టారు. కిటికీలు గోడలో కలిసిపోయేలా కప్పేస్తే, వాళ్లు దగ్గరికి వచ్చేదాకా కోట ఖాళీగా ఉన్నట్టే కనపడుతుందని మా దళపతితో అన్నాను. ఆయనకు నచ్చింది.

చాపలు కట్టిన మర్నాడు దళపతి చేపల పడవ ఎక్కి అరకోసు దూరం వెళ్లి కోట వైపు చూశారు. తిరిగొచ్చి ఒకటే మాటన్నారు. "గోడలో ముప్పై ఆరు అద్దాలు బిగించినట్టుందిరా. గుడ్డివాడు కూడా గురి పెడతాడు." పొద్దుటి ఎండ తగలగానే చాపలన్నీ మెరుస్తున్నాయి. బురద పూశాం, ఎండి పెచ్చులూడిపోయింది. మసి పూశాం, గాలికి రాలిపోయింది. నీకేమైనా తోస్తే రాయి. తోచకపోయినా కంగారుపడకు. చిన్న సంగతే. దళపతి నెమ్మదస్తుడు.

షోచెంగ్

*

వేయిదియన్
మూడో నెల, పదిహేడో రోజు

మీకు నమస్కారం.

చిన్న సంగతి అని రాశారు. గెంగ్ బాబాయి వేరేగా చెప్పాడు. ఉత్తరం ఇచ్చి, కళ్లెత్తకుండా గాడిద మెడ సవరిస్తూ నిలబడ్డాడు. ఏమైంది బాబాయ్ అని రెండుసార్లు అడిగితే అప్పుడన్నాడు. "నీ మొగుడు కాగితం మీద వేలిముద్ర వేశాడమ్మా. నాలుగో నెల పున్నమి నాటికి సముద్రంలోంచి ఒక్క ఫిరంగి కనపడినా తల ఇస్తానని. దళపతి అడిగాడు, వీడు వేశాడు. నేను చెప్పానని చెప్పకు."

చెప్పాను చూడండి.

నెమ్మదస్తులు తలలు రాయించుకుంటారా? మీరు అబద్ధం రాసినందుకు నాకు కోపం వచ్చింది. మీ మీద కోపం వచ్చిందని చెప్పడం పెళ్లయిన ఈ రెండేళ్లలో ఇదే మొదటిసారి. ఎదురుగా ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

కానీ తప్పు నాది. రెండుసార్లు గుండు దొర్లించమన్నది నేను. తడిగుడ్డతో రుద్దించింది నేను. మంచి చాప అంటే మెరిసే చాప అని తప్ప మా ఎవరికీ ఇంకోటి తట్టలేదు. కనపడకూడని చాప ఎట్లా ఉండాలో ఈ మడుగులో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

రెల్లు పైతోలుకు నిగ్గు ఉన్నంతకాలం బురద కానీ మసి కానీ పట్టదు. నీళ్లతో పోదు, ఎండతో పోదు. నాకు తెలిసి ఒక్కదానితోనే పోతుంది. మనుషులు దాని మీద పడుకోవాలి. ఏళ్ల తరబడి పడుకుని, లేచి, కూర్చుని, అన్నాలు తిని, కింది పొయ్యి వేడికి మాగి మాగి అది మట్టిరంగుకు వస్తుంది. మన ఊళ్లో ప్రతి ఇటుకల పొయ్యిమంచం మీదా అట్లాంటి చాప ఒకటుంది.

అవి అడుగుతాను. అత్తయ్యకు మీ వేలిముద్ర సంగతి చెప్పలేదు.

మీ ఇంటిది

*

దాగూ కోట
మూడో నెల, ఇరవై ఐదో రోజు

హ్వేలాన్,

అడగొద్దు. మన ఊళ్లో మంచం మీద చాప తీసి వట్టి ఇటుకలు ఉంచేది ఇంట్లో శవం లేచినప్పుడే. అది నీకు తెలుసు. బతికున్నవాళ్ల ఇంట్లో మంచం వట్టిది చేయమంటే నిన్ను గుమ్మంలోంచే తిట్టి పంపుతారు. ఆ తరువాత ఏ ఇంట్లో పిల్లవాడికి జ్వరం వచ్చినా నీ పేరే చెబుతారు. నువ్వు వంచిన తల ఎత్తకుండా నీళ్లు మోసుకొచ్చే మనిషివి. అరవై గుమ్మాలు ఎక్కలేవు.

ఇంకేదైనా దారి చూస్తాను. అమ్మను బాగా చూసుకో.

షోచెంగ్

*

వేయిదియన్
నాలుగో నెల, ఎనిమిదో రోజు

మీకు నమస్కారం.

అడగొద్దన్న మీ ఉత్తరం అందేసరికే అడగడం అయిపోయిందని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. ఉత్తరం ముందే అందింది. రెండుసార్లు చదువుకుని, మడిచి దాచి, తరువాత అడగడానికి వెళ్లాను.

మీరన్నట్టే అయింది. మొదట లువాన్ వదిన ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడితే నోరు రాలేదు. "ఏమిటమ్మా, ఉప్పు కావాలా" అంది. ఉప్పే కావాలన్నాను. ఉప్పు తెచ్చుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లి ఎట్లాగో చెప్పాను. వదిన మొహం మాడిపోయింది. "మా ఆయన పీతలు పట్టడానికి పోయాడు, సాయంత్రానికి వస్తాడు. వచ్చేసరికి వట్టి మంచం చూస్తే గుండె ఆగి చస్తాడు. నీ మొగుడి పని కోసం నా మొగుణ్ని చంపుకోనా" అంది. ఇంకో ఇంట్లో నా మొహానే తలుపు వేశారు. ఛూ పెద్దమ్మ మాత్రం చక్కగా కూర్చోబెట్టి వేడినీళ్లు ఇచ్చి, "కొత్త కోడలా, నీకు మతి చలించింది. మీ అత్తకు చెప్పి మందు ఇప్పిస్తాను" అంది.

అత్తయ్యకు అప్పటికే ఎవరో చేరవేశారు. నేను ఇంటికొచ్చేసరికి ఆవిడ జొన్నలు చెరుగుతున్నారు. నా వైపు చూడలేదు. అన్నం కూడా తినలేదు. నేను చచ్చిపోదామనుకున్నాను.

తెల్లవారి లేచి చూస్తే ఆవిడ వట్టి ఇటుకల మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ చాప, మీరు పుట్టిన చాప, మామగారు పోయిన చాప, చుట్టి గుమ్మం పక్కన నిలబెట్టి ఉంది. చిక్కటి తేనీటి రంగులో ఉంటుందే, అది.

"గెంగ్ గాడు నీకొక్కదానికే చెబుతాడనుకున్నావా" అన్నారు. "నాకు ముందే చెప్పాడు. తల సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తకు. జాలిపడి ఇచ్చింది నాకొద్దు. పో, దీన్ని ఎత్తుకుని పో. నీ మాట ఎవరూ వినకపోయినా నా చాప మాట వింటారు."

దాన్ని భుజాన వేసుకుని రాతిగుండు దగ్గరికి వెళ్లాను. ఆ వేళకు ఆడవాళ్లంతా అక్కడే ఉంటారు. చాప చూసి ఒకావిడ, "మీ బియన్ వాళ్లింట్లో ఎవరు పోయారు" అని లేచి నిలబడింది. ఎవరూ పోలేదన్నాను. తరువాత ఏమన్నానో నాకు సరిగా గుర్తు లేదు. లువాన్ వదిన తరువాత చెప్పింది, నేను ఇట్లా అన్నానట.

"పోయినేడు వాళ్ల ఓడలు నదిలో పోతుంటే మనం మూడు రోజులు రెల్లులో నడుములోతు నీళ్లలో నిలబడ్డాం. పిల్లలు ఏడవకుండా నోళ్లు మూశాం. ఆ మూడు రోజులూ మన మంచాల మీద చాపలు వేసే ఉన్నాయి. ఎవరు పడుకున్నారు వాటి మీద? ఇళ్లలో మనుషులే లేనప్పుడు, మంచం మీద చాప ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి?"

అప్పుడు ఛూ పెద్దమ్మ తుపుక్కున ఉమ్మేసి, "ఈ పిల్లకు నోరుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమే" అంది. అని, "నా చాప నలభై ఏళ్లది. నా నడుం నొప్పంతా దాంట్లోనే ఉంది. నాదే ముందు కట్టాలి. మీ ఆయనకు రాయి, రెండో ఫిరంగికో మూడో ఫిరంగికో కడితే ఒప్పుకోను" అంది.

సాయంత్రానికి నలభై ఒకటి వచ్చాయి. లువాన్ వదిన కూడా ఇచ్చింది. మొగుడు వచ్చేదాకా గుమ్మంలో కాపలా కూర్చుని, "నేను బతికే ఉన్నాను, లోపలికి రా" అని చెప్పి మరీ తీసుకెళ్లింది.

ఈ ఉత్తరంతో పాటే చాపలూ వస్తున్నాయి. మన ఊరంతా ఇప్పుడు వట్టి ఇటుకల మీద పడుకుంటోంది. పున్నమికి ఇంకా వారం ఉంది. చాలుతుంది కదూ?

హ్వేలాన్

*

దాగూ కోట
నాలుగో నెల, పదహారో రోజు

హ్వేలాన్,

చాలింది. నా తల నా దగ్గరే ఉంది.

చాపలు కట్టాక దళపతి మళ్లీ పడవెక్కారు. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి. మూడోసారి తిరిగొచ్చి, "ఒరే షోచెంగ్, ఫిరంగులు ఎక్కడ పెట్టావురా, అమ్ముకున్నావా" అన్నారు. ఆయన నవ్వడం ఈ కోటలో ఎవరూ చూడలేదు. గోడ ఏదో చాప ఏదో దగ్గరికి వెళ్లి తడిమితే కానీ తెలియడం లేదు.

ఛూ పెద్దమ్మ చాప మొదటి ఫిరంగికే కట్టాను. ఆ ఫిరంగి దగ్గర తాడు లాగే పని నాదే. తాడు లాగితే చాప పైకి లేవాలి, పేలగానే మళ్లీ దిగాలి. ఒక చాప మీద గుండ్రంగా పెద్ద మరక ఉంది. ఎవరిదిరా ఇది అన్నారు దళపతి. లువాన్ వదిన కొడుకు మంచం తడుపుతాడని చెప్పాను. "ఆ వీరుడు పెద్దయ్యాక మన దళంలోకి పంపమను" అన్నారు.

మధ్యాహ్నం పూట మనవాళ్లు చాపల పక్కన చేరగిలబడుతున్నారు. పొయ్యి పొగ, జొన్నరొట్టె వాసన వస్తుంది వాటిలోంచి. త్యే గాడు ఒకదానికి మొహం ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. వాడు ఏమీ మాట్లాడకుండా ఉండటం అదొక్కసారే చూశాను.

అడగొద్దని రాసినందుకు సిగ్గుపడుతున్నాను. అమ్మకు నా దండం చెప్పు.

షోచెంగ్

*

వేయిదియన్
ఐదో నెల, ఇరవై ఆరో రోజు

మీకు,

నిన్న మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా సముద్రం వైపు ఉరుముతూనే ఉంది. ఆకాశంలో మబ్బు లేదు. నీళ్లకుండలో నీళ్లు వణికాయి. ఊరంతా మడుగు గట్టు మీదికి వచ్చి నిలబడింది. ఎవరూ రెల్లులోకి వెళ్లి దాక్కోలేదు. వెళదామని ఎవరూ అనను కూడా లేదు.

ఇవాళ ఏమీ వినపడటం లేదు. గెంగ్ బాబాయి బండి కడుతున్నాడు. రెండు ముక్కలు రాయండి చాలు. ఎవరి చేతైనా రాయించండి.

హ్వేలాన్

*

దాగూ కోట
ఐదో నెల, ఇరవై తొమ్మిదో రోజు

హ్వేలాన్,

నేనే రాస్తున్నాను, నా చేత్తోనే. గెలిచాం.

వాళ్లు ఎనిమిది రోజులు నదీముఖం బయట నిలబడి చూశారు. ఆ ఎనిమిది రోజులూ కోటలో జెండా లేదు, తప్పెట లేదు, పొయ్యి కూడా వెలిగించలేదు. చల్లటి రొట్టె నమిలి గోడ వెనక నక్కి కూర్చున్నాం. దుర్భిణీలు మా మొహాల మీదే తిరుగుతున్నాయని తెలుసు. వాళ్లకు మాత్రం మట్టిగోడ తప్ప ఏమీ కనపడలేదు.

ఇరవై ఐదో రోజు మధ్యాహ్నం పోటు మీద వాళ్ల ఫిరంగి పడవలు లోపలికి వచ్చాయి. నదికి అడ్డంగా మేము పాతిన ఇనుప గుంజలు పీకడం మొదలుపెట్టారు. తమ పెరట్లో కంచె సవరించుకుంటున్నట్టు, అంత తీరిగ్గా. వాళ్ల టోపీల గుండీలు కనపడేంత దగ్గరికి వచ్చారు. అప్పుడు తప్పెట మీద ఒక్క దెబ్బ పడింది. నేను తాడు లాగాను. ఛూ పెద్దమ్మ చాప లేచింది, ఎండ లోపలికి పడింది, ఫిరంగి పేలింది. గోడ పొడుగునా ముప్పై ఆరు కిటికీలు ఒక్కసారే కళ్లు తెరిచాయి.

పడవలు వెనక్కి తిరగలేకపోయాయి. కొన్ని మునిగాయి, కొన్ని ఒరిగిపోయి బురదలో కూరుకున్నాయి. వాళ్లూ కొట్టారు, బాగా కొట్టారు. పొద్దు వాలుతుండగా కొన్ని వందల మంది గట్టు మీదికి దిగారు. అప్పటికి ఆటు. ఆ వేళకు ఆ బురదలో మన మడుగు పిల్లలు కూడా కాలు పెట్టరు. తొడల దాకా దిగబడ్డారు. తుపాకులు తడిసిపోయాయి. ఒకడు మా గోడకు దగ్గరగా కూరుకుపోయి ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆ పేరేమిటో నాకు తెలియదు, పిలుపు మాత్రం తెలిసింది. వాణ్ని నేను కొట్టలేదు. మర్నాటికి వాళ్లలో మిగిలినవాళ్లు ఓడలెక్కి వెనక్కి పోయారు.

త్యే పోయాడు. పక్కనే ఉన్నాడు. వాడి తల్లికి కబురు నేనే రాశాను.

నా వేలిముద్ర కాగితాన్ని దళపతి నా ముందే ఫిరంగి వత్తికి అంటించారు.

చాపలు ఒక్కటీ మిగలలేదు. చీలికలై కాలిపోయాయి. తిరిగి తెచ్చిస్తానని మనసులో అనుకున్నాను. ఊరికి ఏం చెబుతావో నీకే వదిలేస్తున్నాను.

నాకు దెబ్బలేమీ లేవు. చెవుల్లో కాస్త హోరు, అంతే.

షోచెంగ్

*

వేయిదియన్
ఆరో నెల, ఏడో రోజు

మీకు నమస్కారం.

మీ ఉత్తరం రాతిగుండు దగ్గర నిలబడి చదివాను, అందరికీ. నా ఉత్తరాలు ఎవరికీ వినిపించవద్దని నేనే అన్నాను, మీదేమో ఊరంతటికీ వినిపించాను. కోప్పడకండి. మూడుసార్లు చదివించుకున్నారు. త్యే పోయాడన్న చోట అత్తయ్య కళ్లు తుడుచుకుని, "చేప తిన్న పిల్లాడా" అన్నారు.

చాపలు కాలిపోయాయని చదివేసరికి నాకు భయమేసింది. ఛూ పెద్దమ్మ, "నా చాప ఎట్లా పోయిందో ఆ ముక్క మళ్లీ చదువు" అంది. ఇప్పుడు సంతలో ఎవరు కనపడినా, "మొదటి ఫిరంగి నా నడుం కింది నుంచే పేలింది" అని చెబుతోంది. లువాన్ వదిన కొడుకు మంచం తడిపినా ఇప్పుడు వాణ్నెవరూ తిట్టడం లేదు. పక్క ఊళ్లవాళ్లు మనల్ని వట్టి మంచాల ఊరివాళ్లంటున్నారు. మొన్నటిదాకా అది తిట్టు. ఇప్పుడు అదే మాట అని మన ఆడవాళ్లకు దారి ఇస్తున్నారు.

ఇక ఒకటి అడుగుతాను. చెవుల్లో హోరును మీరు మళ్లీ చిన్న సంగతి అన్నట్టు రాశారు. గెంగ్ బాబాయి మీతో మాట్లాడానన్నాడు. "మీ అమ్మ ఎట్లా ఉందో అడగవేమిరా అంటే, పర్లేదు బాబాయ్, బాగానే తిన్నాను అన్నాడమ్మా. గాడిదకు కాలు బెణికిందంటే, అవును మంచి గాలి వీస్తోంది అన్నాడు" అని చెప్పి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

మీ చెవులు ఎట్లా ఉన్నాయి? ఈసారి బండివాడి నోటి నుంచి వినాలని నాకు లేదు.

హ్వేలాన్

*

దాగూ కోట
ఆరో నెల, పదిహేనో రోజు

హ్వేలాన్,

ఎడమది పూర్తిగా పోయింది. కుడిది, పక్కన నిలబడి అరిస్తే అందుతుంది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఆ ఫిరంగి పక్కనే ఉన్నాను, చెవుల్లో దూది పెట్టుకోవడం మరిచిపోయాను. వైద్యుడు చూసి తల అడ్డంగా ఊపాడు. ఏమన్నాడో వినపడలేదు, తల ఊపడం చూశాను.

వచ్చే నెల నన్ను వదిలిపెడతామన్నారు. ఉండదలిస్తే గోడల పని ఇక్కడే ఇస్తామన్నారు కూడా. ఉండిపోదామా అనుకుంటున్నాను. నువ్వు మాట్లాడితే పక్కనున్న పొయ్యికి కూడా వినపడదు. నువ్వు నాతో చెప్పిన నాలుగు మాటలూ నేను చెవి దగ్గర పెట్టి విన్నవే. ఇక చెవి ఎక్కడ పెట్టను? ఎదురుగా కూర్చుని నీ పెదాలు కదలడం చూస్తూ, ఏమన్నావో తెలియక, బాగానే తిన్నాను అని చెప్పే మొగుడు నీకెందుకు. ఇక్కడైతే అందరూ అరిచే మాట్లాడుకుంటారు.

నువ్వు ఏమంటే అది.

షోచెంగ్

*

వేయిదియన్
ఆరో నెల, ఇరవై రెండో రోజు

మీకు నమస్కారం చేసి, గట్టిగా రాస్తున్నాను.

ఇంటికి రండి. గోడలు కట్టడానికి ఎవరైనా వస్తారు.

మీ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే మడుగు గట్టు మీదికి వెళ్లి ఛూ పెద్దమ్మ పడవను కేకేశాను. ఆవిడ అవతలి ఒడ్డున రెల్లు కోస్తోంది. మొదటిసారి వినపడలేదు. రెండోసారి కొంగలు లేచాయి. మూడోసారి పెద్దమ్మ నిటారుగా నిలబడి, "ఎవరే అది, ఇల్లు కాలుతోందా" అని తిరిగి అరిచింది. ఇంట్లో కూడా అలవాటు చేసుకుంటున్నాను. నిన్న జావలో ఉప్పు చాలిందా అని అత్తయ్యను అడిగితే ఎదురింటి నుంచి లువాన్ వదిన చాలిందని జవాబు చెప్పింది. అత్తయ్య అన్నారు, "కానీవే, మీరిద్దరూ ఏమనుకుంటారో ఇన్నాళ్లకు నాకూ తెలుస్తుంది."

ఇక మన మాటలన్నీ ఊరివే. నవ్వుకుంటారు. అరవై గుమ్మాలవాళ్లనూ చాపలు అడిగినదాన్ని, ఈపాటి నవ్వుకు వెనక్కి పోను. మీరు ఫిరంగి పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నారని చెప్పుకోవడానికి నాకు ఎంత గొంతైనా వస్తుంది.

ఇంకొక సంగతి. మీ దళపతి గెంగ్ బాబాయితో కబురు పంపారు. వాళ్లు ఇంకా పెద్ద బలగంతో మళ్లీ వస్తారట, మళ్లీ ముప్పై ఆరు పాత చాపలు కావాలట. పాతవి ఇంకెక్కడున్నాయి? రాతిగుండు దగ్గర అందరం కూర్చుని ఆలోచించాం. కొత్తవి నేసి ఇవాళ్టి నుంచే వాటి మీద పడుకోవాలని తేలింది. మధ్యాహ్నం పని ఆపి కూడా పడుకుంటున్నారు. ముసలివాళ్లు మూడుపూటలా దొర్లుతున్నారు. పిల్లలను దాని మీదే ఎగరమంటున్నారు. మగవాళ్లు పీతల వేట నుంచి వచ్చి కాళ్లు కడుక్కోకుండా ఎక్కినా ఎవరూ ఏమీ అనడం లేదు. పట్టపగలు ఎవరింటికి వెళ్లినా అందరూ కోట కోసం నిద్రపోతున్నారు.

మన మంచం మీదా కొత్తది వేశాను. మూడు రోజులుగా పడుకుంటున్నాను. పొద్దున్నే చూస్తే ఇంకా మెరుస్తూనే ఉంది. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదిది. త్వరగా రండి.

హ్వేలాన్